తినకముందు చెప్పే స్తోత్రం

పోయినవారం మనం సాల్మన్‌రాజును నిండు ఆరాధనలో, లేచి నిలబడి ఉండగా వదిలేశాం. ఊరికే నిలబడి కూర్చుంటే ఈ వారం కథే ఉండేది కాదు. కూతురు కృపాజ్యోతికి విశాఖపట్నం లా కాలేజీలో సీటు వచ్చిందని, ఫీజు సంగతి దేవుడు చూసుకున్నాడని సాక్ష్యం చెప్పాడు. కృతజ్ఞత కవరు కానుకల సంచిలో వేశాడు. అంతటితో ఆగక, ఆరాధన అయ్యాక సంఘమంతటికీ టీ, మైసూరుపాకు పంచిపెట్టాడు. పెళ్ళిళ్ళకు క్లారినెట్ వాయించుకుని బతికే మనిషి అంత మైసూరుపాకు పంచితే నర్సీపట్నంలో ఎవరైనా ఏమనుకుంటారు? ఫీజు కట్టేశాడనే అనుకుంటారు. సంఘమూ అలాగే అనుకుంది.

తాము కట్టలేదన్న సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ, ఆ పైవాడికీ మాత్రమే తెలుసు.

సాల్మన్‌రాజు అబద్ధాలకోరు కాదు. ముందుగానే కృతజ్ఞత చెప్పుకోవడం అతని అలవాటు, అంతే. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా వానకు స్తోత్రం చెప్పి గొడుగు వెతుక్కునే రకం. జ్యోతి తల్లి కడుపులో ఉండగానే ఆడపిల్లను ఇచ్చినందుకు వందనాలని చెప్పి ఆసుపత్రిలో నర్సులకు అరటిపళ్ళు పంచాడు. అప్పుడు నెగ్గాడు కదా, ఇప్పుడూ నెగ్గుతాననుకున్నాడు. నమ్మకం ఉన్నవాడికి ఎదురు చెప్పడం కష్టం. వాడితో కాపురం చేయడం ఇంకా కష్టమని భార్య దీవెనమ్మ అప్పుడప్పుడూ అంటుంది, నవ్వుతూనే అంటుంది.

కూతురు మాత్రం తండ్రిలా కాదు. ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల చదువు ఖర్చుకు ముక్కాలిపీట లాంటి ఏర్పాటు ఒకటి వేసుకుంది. ఒక కాలు ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు. అది తప్పకుండా వస్తుంది గానీ ఏడాది గడిచాక, పరీక్షలు కూడా అయిపోయాక వస్తుంది. రెండోది బ్యాంకు లోను. మేనేజరు జగదీశ్వరరావు గారు నాలుగుసార్లు తిప్పినా చివరికి సరేనన్నారు. ఆ కాగితాలు పై ఆఫీసుకు వెళ్ళాయి, హాస్టలుకూ పుస్తకాలకూ ఆ డబ్బు అందడానికి ఇంకా నెల పడుతుంది. కాలేజీ వాళ్ళు అడిగేది మాత్రం మొదటి ఫీజు, అదీ వచ్చే సోమవారంలోగా. లేకపోతే సీటు తర్వాతి ర్యాంకు వాళ్ళకు పోతుంది. ఆ మొదటి ఫీజుకు జ్యోతి నమ్ముకున్న మూడో కాలు స్త్రీల సమాజం వారి పిడికెడు బియ్యం నిధి. స్కాలర్‌షిప్పు రాగానే తిరిగి ఇచ్చేస్తానని మాట కూడా ఇచ్చింది.

ఆ నిధి పేరులో ఉన్నట్టే పుట్టింది. ఆ సంఘంలో ఏ ఇల్లాలైనా ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తుంది. అది దేవుడి పిడికెడు. నెలకోసారి డబ్బాలన్నీ గుడి వెనక హాలుకు వస్తాయి. ఒక ఇంటి సన్నబియ్యం, ఒక ఇంటి ముతకబియ్యం, ఒక ఇంటి రేషన్ బియ్యం, అన్నీ ఒకే డ్రమ్ములో పడతాయి. ఆ కలగాపులగాన్ని వండుకుని తినడానికి ఎవరూ కొనరు. బస్టాండు దగ్గర టిఫిన్ హోటలువాడు పిండి రుబ్బుకోవడానికి పట్టుకెళ్తాడు. నర్సీపట్నంలో దోసె తిన్న ప్రతివాడూ ఆ నిధికి చందా కట్టినవాడే అన్నమాట. ఆ డబ్బుతో ఇప్పటికి చాలామంది పిల్లలు నర్సులయ్యారు, టీచర్లయ్యారు. లాయరు మాత్రం ఒక్కరూ కాలేదు.

జ్యోతికి ఇద్దామని దాదాపు అనుకున్నారు కూడా. ఈలోగా సాల్మన్‌రాజు మైసూరుపాకు పంచాడు. ఫీజు కట్టేశారట, ఇక ఆ పిల్లకు మన డబ్బెందుకని సమాజం ఆ ఆదివారమే అక్కడికక్కడే ప్రార్థన చేసి తీర్మానించింది. పాత మైకు కీచుమంటోంది కాబట్టి ఆ సొమ్ముతో గుడికి కొత్త మైకు సెట్టు. అధ్యక్షురాలు ప్రేమావతి గారు శనివారం ఉదయం విశాఖపట్నం వెళ్ళి కొనుక్కొస్తారు. నోటి తీపి కోసం పంచిన మైసూరుపాకు నోటి కాడి కూడు పడగొట్టింది.

కాబట్టి మిగిలింది స్త్రీల సమాజం కూడే ఈ శుక్రవారం ఒక్కటే.

తానే వెళ్ళి చెప్పేస్తానని సాల్మన్‌రాజు ఉదయం నుంచీ అంటున్నాడు. జ్యోతి ఒప్పుకోలేదు. తండ్రి క్షమాపణ చెప్పడానికి లేచి, అలవాటుకొద్దీ క్షమించినందుకు స్తోత్రం చెప్పి కూర్చుంటాడని ఆమెకు తెలుసు. తను చెబితే? నోరు విప్పితే తండ్రి అబద్ధపు సాక్ష్యం చెప్పాడని సంఘం ముందు ఒప్పుకున్నట్టే. విప్పకపోతే సోమవారంతో సీటు పోయినట్టే. జ్యోతి గుడి వెనక హాలుకు బయలుదేరింది. తండ్రి క్లారినెట్ పెట్టె చంకలో పెట్టుకుని వెనకాలే వచ్చి, లోపలికి రావద్దన్నారు కనుక వరండా మెట్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం గొలుగొండ దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళాలి మరి.

హాల్లో చాపల మీద ఆడవాళ్ళు నిండుగా ఉన్నారు. దీవెనమ్మ ఒక మూల కూర్చుని కుంచంతో బియ్యం కొలిచి డ్రమ్ములో పోస్తోంది. అది ఎప్పుడూ ఆమె పనే. మాట్లాడే పనులు ఆమె ఎప్పుడూ తీసుకోలేదు. ప్రేమావతి గారు బల్ల ముందు కూర్చున్నారు. ఆవిడ గవర్నమెంటు ఆసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఆవిడ చూస్తే ఎదుటివాళ్ళు తెలియకుండానే చొక్కా చెయ్యి పైకి మడుస్తారు, ఇంజక్షనుకు. పక్కన కుర్చీలో ఆ హాలు మొత్తానికి ఒకే ఒక్క మగాడు, జ్ఞానరాజు గారు. సాల్మన్‌రాజుకు అన్న, రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద. ఆడవాళ్ళ పిడికెళ్ళతో పోగైన డబ్బుకు మగ కోశాధికారి ఎందుకని అడక్కండి. ఆ ఆనవాయితీ పెట్టినవాళ్ళు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు మార్చలేదు.

తమ్ముడి కూతురు లా చదవడం జ్ఞానరాజు గారికి మొదటినుంచీ ఇష్టం లేదు. అబద్ధాన్ని నిజం చేసి బతికే వృత్తి మనకు తగదని ఆయన వాదన. ఆయనకు వాదించడమంటే ప్రాణమని, ఆ వంశంలో లాయరు కావలసినవాడు అసలు ఆయనేనని దీవెనమ్మ ఒకసారి ఇంట్లో అంది. ఆ మాట ఆయన దాకా వెళ్ళలేదు, అదృష్టం.

ప్రార్థన అయింది, పాట అయింది. ఇంకెవరైనా చెప్పేది ఉందా అని ప్రేమావతి గారు అడిగారు. జ్యోతి లేచింది. వాళ్ళ నాన్న తరఫున ఒక మాట చెప్పాలంది. ఫీజు ఇంకా కట్టలేదని చెప్పేసింది.

మూలన దీవెనమ్మ కొలవడం ఆపింది. కుంచం కింద పెట్టిన చప్పుడు వినిపించింది. వరండాలో సాల్మన్‌రాజు తల దించుకున్నాడు.

మొదట మాట్లాడింది జ్ఞానరాజు గారే. చాలా నెమ్మదిగా, బడిలో పిల్లలకు తప్పు చూపించే గొంతుతో మాట్లాడారు. "మరి మొన్న గుళ్ళో సెప్పిందేటమ్మా? దేవుడి సన్నిధిలో నిలబడి సెప్పిన సాక్ష్యం. అది నిజమా, అబద్ధమా?"

"నిజమే పెదనాన్నా," అంది జ్యోతి.

"ఫీజు కట్టలేదంటన్నావు, సాక్ష్యం నిజమంటన్నావు. ఇంకా కాలేజీ గుమ్మం ఎక్కనేదు, అప్పుడే నేర్సీసుకున్నావు." ఆయన నలుగురి వంకా చూశారు. కొందరు నవ్వారు. నవ్వనివాళ్ళ ముఖాల్లో కష్టం కనిపించింది, ఎందుకంటే వాళ్ళందరూ ఆ పిల్లను ఎత్తుకుని పెంచినవాళ్ళే.

జ్యోతి పొద్దున్నుంచి మనసులో కూర్చుకున్న నాలుగు ముక్కలూ ఎటో పోయాయి. అప్పుడు మూల నుంచి తల్లి ఆమెను చూసింది. జ్యోతికి ఇంట్లో రోజూ రాత్రి కంచాల ముందు కూర్చోవడం గుర్తొచ్చింది.

ఆమె పెదనాన్నతో కాకుండా చాపల మీద ఉన్న ఆడవాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టింది. మనం అన్నం ముందు కూర్చుని కళ్ళు మూసుకుని స్తోత్రం చెబుతాం కదా, అది తిన్నాక చెబుతామా, తినకముందు చెబుతామా అని అడిగింది. తినకముందే అన్నారు. అప్పటికి కడుపు నిండిందా? నిండలేదు. కూర ఎలా ఉందో తెలుసా? తెలియదు. అయినా ఈ ఆహారం ఇచ్చినందుకు వందనాలని చెబుతాం. ఎవరైనా దాన్ని అబద్ధమన్నారా?

"మా కోడలు వొండిన రోజు ముందే సెప్పీడం మంచిది. తిన్నాక నోరు రాదు," అంది వెనకనుంచి కొండలమ్మ. ఆవిడ కోడలు పక్కనే ఉంది. హాలంతా నవ్వింది, కోడలు కూడా నవ్వింది. జ్యోతికి ఊపిరి తిరిగింది.

జ్ఞానరాజు గారు మాత్రం నవ్వలేదు. ఆయన హెడ్మాస్టరు, పాయింటు వదిలే మనిషి కాదు. అన్నం తినకముందు స్తోత్రం చెబుతాం, నిజమే. కానీ అప్పటికే అన్నం కంచంలో ఉంటుంది. మరి ఫీజు ఏ కంచంలో ఉందో చూపించమన్నారు.

మంచి ప్రశ్నే. ఆడవాళ్ళ తలలన్నీ ఆయన వైపు తిరిగాయి, మళ్ళీ జ్యోతి వైపు తిరిగాయి. జ్యోతి నడిచి వెళ్ళి తల్లి పక్కన ఉన్న డ్రమ్ము మీద చెయ్యి వేసింది.

"ఇదిగో పెదనాన్నా, ఇందులో ఉంది. ఈ బియ్యం తీసినప్పుడు ఎవరింట్లోనూ అన్నం కంచంలో లేదు. ఎసరింకా మరగనేదు. ఆ పూటకి చాలతాదో చాలదో తెలీదు. అయినా ముందు దేవుడి పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆ తర్వాతే వొండుకున్నారు. మిగిలితే ఇద్దామని ఎవరూ అనుకోలేదు. మా నాన్న చేసింది కూడా అదే. చేతికి రాకముందే దేవుడి వంతు తీసి పెట్టాడు. అది తప్పయితే ఈ డ్రమ్ములో ప్రతి గింజా తప్పే."

ఆడవాళ్ళు తమ తమ డబ్బాల వైపు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా చేస్తున్న పని ఇంత పెద్ద పనని వాళ్ళకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. కొండలమ్మ కళ్ళు ఒత్తుకుని, "ఒలే, ఈ గుంట లాయరయిపోనాది. ఇంక సదివించీడమే బాకీ," అంది.

ప్రేమావతి గారు చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టారు. ఆవిడ ఏడిచే మనిషి కాదు, నవ్వే మనిషీ కాదు, రోగం పూర్తిగా తగ్గిందో లేదో చూసే మనిషి. మీ నాన్న అబద్ధమాడలేదు, ఒప్పుకున్నాను, అయితే తప్పేమీ చేయలేదంటావా అని అడిగారు.

అక్కడ చిన్న లాయరైతే బోర్లా పడేవాడు. జ్యోతి పడలేదు. తప్పుందని ఒప్పుకుంది. దేవుడికి చెప్పిన మాట నిజమే, కానీ ఆ మాట విని మీరు ఏమనుకుంటారో నాన్న ఆలోచించలేదు, ఆదివారమే మీ దగ్గరికొచ్చి సంగతి విడమరిచి చెప్పవలసింది, అందుకు మా ఇంటిల్లిపాదీ క్షమాపణ చెప్పుకుంటున్నాం అంది. వరండాలోంచి సాల్మన్‌రాజు లేచి నిలబడి, గుమ్మం బయటినుంచే రెండు చేతులూ జోడించాడు. ఆశ్చర్యం ఏమిటంటే, స్తోత్రం చెప్పలేదు.

ప్రేమావతి గారు తీర్పు చెప్పారు. మైకు సెట్టు తీర్మానం రద్దు చేయడానికి ఇష్టమైనవాళ్ళు చేతులెత్తమన్నారు. లెక్కపెట్టనక్కర్లేకుండా హాలంతా చేతులయింది. రేపు మైకు షాపుకు కాకుండా లా కాలేజీకే వెళ్తానని, ఫీజు తన చేత్తో కట్టి వస్తానని ఆవిడ చెప్పారు. స్కాలర్‌షిప్పు వచ్చాక నిధికి తిరిగి జమ చేయాలి, ఆ మాట పక్కా. ఇక సాల్మన్‌రాజుకు శిక్ష.

"కొత్త మైకు నీ మూలంగా పోయింది కాబట్టి, అది కొనేదాకా ఆదివారం పాటలకి నువ్వు క్లారినెట్ వాయించాలి. ఒక్క వారం మానకూడదు," అన్నారు.

కొత్త పాఠకులకు ఇందులో తమాషా తెలియదు. పెళ్ళిమేళం వాయిద్యం గుళ్ళో పనికిరాదని పదేళ్ళ కిందట ఆ క్లారినెట్‌ను గుమ్మం దగ్గరే ఆపింది జ్ఞానరాజు గారే. అప్పట్నుంచి సాల్మన్‌రాజు ఆ పాటలన్నీ ఇంట్లో, తలుపు వేసుకుని వాయించుకుంటున్నాడు. శిక్ష విన్న మనిషి మొహం చూస్తే శిక్షలా లేదు. జ్ఞానరాజు గారు ఏదో అనబోయారు. ఆడవాళ్ళందరూ ఆయన వంకే చూస్తున్నారని గమనించి కండువా సర్దుకున్నారు. తర్వాత చాలా ఇబ్బందిగా, జ్యోతికి మాత్రమే వినపడేలా, బియ్యం పాయింటు బాగుందమ్మా అన్నారు. ఆయన అంతకుముందు ఆ పిల్లను మెచ్చుకున్నది ఐదో తరగతిలోనట.

ఇప్పుడే మొదలుపెట్టమని కొండలమ్మ గోల చేసింది. సాల్మన్‌రాజు మెట్ల మీదే పెట్టె తెరిచి, ముక్కలు బిగించి, నోట పెట్టుకునే పీక తడిచేసుకుని వాయించాడు. ఆడవాళ్ళు చప్పట్లు చరుస్తూ పాట అందుకున్నారు. రోజూ ఊరేగింపుల్లో ఊరంతా విన్న క్లారినెట్టే అది. కానీ ఇంత సంతోషంగా మోగడం జ్యోతి ఎప్పుడూ వినలేదు. తండ్రి పరువూ నిలిచింది, సీటూ నిలిచింది. అంత హాయిగా ఉంది ఆమెకు, ఆ హాలు గోడలకు కూడా వందనాలు చెప్పాలనిపించింది. తండ్రి పోలిక కాస్తయినా రాకుండా ఉంటుందా?

ఆ పాట మధ్యలో గుడి ఆవరణలోకి స్కూటరు వచ్చి ఆగింది. బ్యాంకు మేనేజరు జగదీశ్వరరావు గారు హెల్మెట్ తీసి, చెప్పులు విప్పాలో అక్కర్లేదో తెలియక కాసేపు తటపటాయించి, విప్పేసి వచ్చారు. నాలుగుసార్లు తిప్పించుకున్న మనిషి వెతుక్కుంటూ రావడం చూసి జ్యోతి లోను కాగితాలు తిరిగొచ్చాయేమో అనుకుంది.

అది కాదు. ఆయనకు ఉన్న అనుమానం వేరే. లోను విషయమై ఏదో అడగడానికి ఈరోజు కాలేజీ ఆఫీసుకు ఫోను చేశారట. కృపాజ్యోతి మొదటి ఫీజు ముట్టిందని వాళ్ళు చెప్పారట. డబ్బు కట్టేసుకుని మళ్ళీ లోను లోను అని బ్యాంకు చుట్టూ ఎందుకు తిరిగారో కనుక్కుందామని ఇటు వచ్చారు.

"కట్టడమేటి సార్? మేము కట్టలేదు," అంది జ్యోతి.

"కట్టారమ్మా. పోయిన శుక్రవారం కట్టారు. నేను రెండుసార్లు అడిగి కనుక్కున్నాను."

పోయిన శుక్రవారం. సాల్మన్‌రాజు సాక్ష్యం చెప్పింది ఆదివారం. అంటే అతను లేచి నిలబడి ఫీజు సంగతి దేవుడు చూసుకున్నాడని చెప్పేసరికే ఫీజు కట్టి ఉంది. ముందుగా ఈ లెక్క అందినది ప్రేమావతి గారికి. స్తోత్రం అని ఆవిడ మెల్లగా అన్నారు. ఆ మాట చాపల మీద ఒకరినుంచి ఒకరికి పాకి హాలంతా మోగిపోయింది. జ్ఞానరాజు గారు కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నారు. అందరూ ఆయనే కట్టి ఉంటారనుకుని ఆయన వైపు చూశారు. తను కాదని ఆయన చెయ్యి ఊపారు. తను కట్టి ఉంటే బాగుండేదని ఆ మొహంలో కనిపించింది.

మరెవరు కట్టారని జ్యోతి అడిగింది.

జగదీశ్వరరావు గారు గుర్తు చేసుకుంటూ చెప్పారు. కట్టినాయన స్వయంగా కాలేజీకి వచ్చాడట. కొయ్యూరు నుంచి వచ్చాడట, జీడిపిక్కల వ్యాపారమట, పేరు తాతబ్బాయి అని చెప్పాడట. పిల్లకి ఏమవుతావని క్లర్కు అడిగితే, మా బేబి కూతురండీ అని చెప్పి, రసీదు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడట.

బేబి ఎవరని ఆడవాళ్ళు ఒకరినొకరు అడుగుకున్నారు. సంఘంలో ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు.

మెట్ల మీద క్లారినెట్ ఆగిపోయింది. సాల్మన్‌రాజు లోపలికి వచ్చాడు. రావద్దన్నారన్న సంగతి మరిచిపోయాడు. జ్యోతి తన తండ్రి మొహం అలా ఉండటం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కోపం అతనికి తెలియని విద్య అనుకునేది.

"మేనేజర్ గారూ, ఆ డబ్బు మాకొద్దండీ," అన్నాడు. "కాలేజీకి ఫోన్ సేసి వాపసు సేసీమనండి. రేపు ప్రేమావతి గారెల్లి మా ఫీజు మేం కట్టుకుంటాం."

ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. అతను భార్య వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "నీ పేరున నీళ్ళొదిలీసినోడు. సెల్లి సచ్చిపోనాదని ఊరందరికీ సెప్పినోడు. ఆడి డబ్బుతో నా కూతురు సదవక్కర్నేదు."

అప్పుడు జ్యోతికి తెలిసింది. రావికమతం దగ్గర ఒక రైతు ఇంట పెళ్ళికి క్లారినెట్ వాయించడానికి వెళ్ళిన మేళగాడి వెంట ఆ ఇంటి ఆడపిల్ల వచ్చేసిందని, బాప్తిస్మంలో దీవెనమ్మ అయిందని తెలుసు. అంతకుముందు ఆమె పేరేమిటో జ్యోతి ఎప్పుడూ అడగలేదు. అమ్మకు ఇంకో పేరు ఉంటుందన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఇప్పటిదాకా తండ్రి తరఫున మాట్లాడిన పిల్లకు ఇప్పుడు ఎవరి తరఫున మాట్లాడాలో తెలియలేదు.

ఆమె మాట్లాడనక్కర్లేకపోయింది. దీవెనమ్మ లేచి నిలబడింది. చీరకు అంటిన తవుడు దులుపుకుంది. ఆ హాల్లో ఆమె గొంతు అంతమంది ఒకేసారి వినడం అదే మొదలు.

"నీళ్ళొదిలీసినాడు, నిజమే. పేరు మాత్రం ఒదల్నేదు. ఇన్నేళ్ళకి మా అన్న నోట బేబి అన్న మాటొచ్చింది. అది డబ్బనుకుంటన్నారేటి మీరు, వాపసు పంపీడానికి?"

దీవెనమ్మ కళ్ళు తుడుచుకోలేదు. కుంచం తీసి ప్రేమావతి గారి చేతిలో పెట్టి, కూతురి వైపు తిరిగింది.

"జ్యోతీ, కొయ్యూరుకి ఆఖరి బస్సు ఎన్నింటికే?"